నడిచే ఒడ్డు

మా అమ్మమ్మగారి లంకలో ఒడ్డు ఎక్కడుందో చెప్పాలంటే ముందు నెల చెప్పాలి. ఆశ్వయుజంలో అది వీధి అరుగుల కిందే ఉండేది. దసరా సెలవులకు వెళ్తే పడవ దిగి నేరుగా వాకిట్లోకి అడుగుపెట్టేవాళ్లం. పుష్యమాసానికి అదే ఒడ్డు గడ్డివాములు దాటి, రావిచెట్టు దాటి, ఊరి చివర గేదెల పాకల అవతలికి జరిగేది. ఎండాకాలంలో కనుచూపు మేర నెర్రెలిచ్చిన నల్లమట్టి, దాని మీద రబీలో వేసే దాళ్వా వరి కోసేసిన మోళ్లు, ఎక్కడో దూరాన మెరిసే నీటి చార. ఆ చార దాకా నడిచి వెళ్లాలంటే పిల్లలకి అరికాళ్లు బొబ్బలెక్కేవి. మళ్లీ శ్రావణంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఎర్రనీళ్లు తెచ్చి పోసేసరికి ఒడ్డు తిరిగి ఇంటి ముందుకొచ్చేది.

నేను చెప్తున్నది 1970ల చివర్లో ఉన్న కొల్లేరు సంగతి. అప్పుడది కొంత కృష్ణా జిల్లాలో, కొంత పశ్చిమగోదావరిలో ఉండేది. ఇప్పుడు ఏలూరు జిల్లా అంటున్నాం. కృష్ణా, గోదావరి చెరొకవైపు ఒండ్రు పోసి డెల్టాలు కట్టుకుంటూ సముద్రంలోకి జరిగిపోతే, రెంటి మధ్యా మిగిలిన పల్లం అది. లోతు తక్కువ, పరుపు ఎక్కువ. అలాంటి నేల మీద నీరు ఒక్క అడుగు పెరిగితే ఎంత దూరం పాకుతుందో లెక్కలు చెప్తాయి. సముద్రమట్టానికి 3 అడుగుల ఎత్తున నీళ్లుంటే కొల్లేటి విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లు. 5 అడుగులకి 308. 10 అడుగులకి 901. మనిషి ఎత్తుకి కాస్త మించిన తేడాలో సరస్సు ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది, అంతే తరుగుతుంది. ఈ ఎత్తుల్ని చూపించే గీతలే కాంటూర్లు. మూడో కాంటూరు, ఐదో కాంటూరు అంటూ కోర్టుల్లోనూ ఎన్నికల సభల్లోనూ వినిపించే మాటలన్నీ ఈ తేడా గురించే. ఆ గీతలకి మధ్యనున్న నేలంతా కొల్లేటికి ఒడ్డే. సగం ఏడాది నీటి కింద, సగం ఏడాది ఎండకింద బతికే ఆ నేలే కొల్లేటి నీళ్లను కాపాడింది. దాన్ని గట్లు పెట్టి కదలకుండా చేశాక నీళ్లు ఎలా చెడ్డాయో నా కళ్లతో చూశాను.

అప్పట్లో మేం తాగింది కొల్లేటి నీళ్లే. లంకలో నుయ్యి తవ్వితే ఉప్పునీళ్లు పడేవి. అందుకని తెల్లారగట్ట, గేదెలు నీళ్లలోకి దిగకముందే, ఆడవాళ్లు ఇత్తడి బిందెలు దోనెలో పెట్టుకుని కిక్కిస గడ్డి దాటి లోపలికి వెళ్లేవాళ్లు. తాటిమొద్దు తొలిచి చేసిన దోనె. ఇద్దరెక్కితే అంచు నీళ్లకి ఆనుతుంది. అమ్మమ్మ వెనక నిలబడి గెడ వేసేది, నేను ముందు బిందెలు పట్టుకుని కూర్చునేదాన్ని. ఎక్కడ ముంచాలో ఆవిడకి తెలుసు. కలువలు ఒత్తుగా అల్లుకున్నచోట కాదు. నాచు అడుగున పరుచుకుని, దాని మధ్య తిరిగే చిన్నచేపలు పైకి కనిపించేచోట. అరచేత్తో పైనీళ్లను పక్కకి తోసి బిందెను వాలుగా దించేది. ఇంటికి తెచ్చాక చిల్లగింజ ఒకటి తీసి కుండ లోపలి అంచుకి రుద్దేది. వానాకాలపు ఎర్రనీళ్లయినా సరే, తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగిపోయి పైన తేటనీరు నిలిచేది. ఇంకో కుండ మూతికి పాత పంచెగుడ్డ కట్టి వంచుకుని తాగడమే. పట్నం అలవాటైన మా నాన్న మాత్రం కాచి ఇమ్మనేవారు. అల్లుడుగారు కాబట్టి అమ్మమ్మ మారుమాట్లాడకుండా కాచి ఇచ్చేది.

రేవుల విషయంలో మాత్రం ఆవిడ ఎవరినీ ఉపేక్షించేది కాదు. కొల్లేట్లో నీరు వాయవ్యం నుంచి వచ్చి ఆగ్నేయంగా ఉప్పుటేటి వైపు జారుతుంది. బయటివాళ్లకి నిలవనీరులా కనిపిస్తుంది గాని లంకవాళ్లకి దాని నడక తెలుసు. అందుకని పైవైపు రేవు తాగేనీళ్లకి, బియ్యం కడుక్కోడానికి. మధ్య రేవు స్నానాలకి, బట్టలకి. కింద రేవు గేదెలకి. చేపలు కోసి కడిగేది కూడా అక్కడే. ఒకరోజు ఎవరో కొత్తకోడలు పైరేవులో పసివాడి గుడ్డలు జాడిస్తుంటే అమ్మమ్మ అరుగు మీంచే కేకేసింది. "ఏవమ్మా, కింద రేవుదాకా నడవలేవా? రేపు నీ పిల్లాడికి పట్టేది ఆ నీళ్లే!" ఆ పిల్ల గబగబా గుడ్డలు తట్టలో వేసుకుని వెళ్లిపోయింది. దీనికి పంచాయతీ తీర్మానం లేదు, బోర్డు లేదు, జరిమానా లేదు. ఊళ్లో ప్రతి అరుగు మీదా ఎవరో ఒక ముసలమ్మ ఉండేది, అంతే.

లంక చుట్టూ కిక్కిస. మనిషిని మించి, కొన్నిచోట్ల రెండు నిలువుల ఎత్తు. ఊరి అంచున తుంగ, జమ్ము. కాస్త లోపలికి వెళ్తే కిక్కిస. అది దాటితే తామరలు, కలువలు. ఆ పైన నాచు పరిచిన తేటనీరు. ఏ మొక్క ఎంత లోతులో లేస్తుందో మా మావయ్యకి కంఠతా వచ్చు. గెడ దించకుండానే "ఇక్కడ మొలలోతు, ఇక్కడ పీకలోతు" అని చెప్పేవాడు. నీళ్లు తగ్గుతుంటే ఈ వరస అంతా నెమ్మదిగా లోపలికి జరిగేది. పెరుగుతుంటే మునిగిన గడ్డి మీదుగా మళ్లీ ఊరివైపు వచ్చేది.

కిక్కిసలోకి పిల్లలం వెళ్లకూడదని గట్టి ఆంక్ష. ఆకు అంచు చెయ్యి కోస్తుంది, పాములుంటాయి, దారి తప్పితే పక్కన దోనె వెళ్తున్నా కనిపించదు. అయినా మావయ్య మావులు ఎత్తడానికి వెళ్లేటప్పుడు బతిమాలి ఎక్కేవాళ్లం. వెదురు పుల్లలు అల్లి చేసిన ఆ మావుల్లోకి చేప దూరడానికి దారి ఉంటుంది, తిరిగి రావడానికి ఉండదు. ఎత్తగానే ముందు నీళ్లు కారతాయి, తర్వాత లోపల టపటపా కొట్టుకునే చప్పుడు. మట్టగిడసలు, మార్పులు, ఇంగిలాయిలు, బొమ్మిడాయిలు, అప్పుడప్పుడు వాలుగ. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే రాత్రంతా ఏడుపే, అందుకని దాన్ని మావయ్య ఒక్కడే తీసేవాడు. మార్పుల్ని కుండలో కొద్దిపాటి నీళ్లలో వేసి ఉంచితే రోజుల తరబడి బతికేవి. పైగాలి పీల్చుకోగల చేపలవి. వేసవిలో సరస్సు వెనక్కి వెళ్లినా బురదలో దాక్కుని, తొలకరికి మళ్లీ తేలేవి.

కొరమీను సంగతి వేరు. తొలివానలకి నీళ్లు ఒడ్డెక్కి గడ్డిని ముంచగానే కిక్కిస మొదళ్ల దగ్గర గడ్డిని పక్కకి నెట్టి గుండ్రంగా చోటు చేసుకుంటుంది. గుడ్లు పైకి తేలతాయి. పిల్లలయ్యాక ఎర్రగా, గుంపుగా, నీటి పైపైన తిరుగుతుంటాయి. కిందే పెద్దచేప కాపలా. ఆ ఎర్రగుంపు కనిపించిందంటే పెద్దదాన్ని గేలానికి లాగడం చాలా తేలిక, పిల్లల మీదికి ఏదొచ్చినా అది మీదపడుతుంది గనక. మావయ్య ఆ పని చేసేవాడు కాదు, ఎదురుగా ఎవరినీ చెయ్యనిచ్చేవాడు కాదు. "దాన్ని పట్టావంటే ఆ పిల్లలన్నీ సాయంత్రానికి జెల్లల పాలు" అనేవాడు. కొత్తనీరు ముంచిన ఆ గట్టులేని గడ్డినేల ఉన్నంతకాలం కొల్లేటికి చేపపిల్లల్ని బయటినుంచి లారీల్లో తెచ్చి పొయ్యాల్సిన అవసరం రాలేదు.

మాఘంలో నీళ్లు తీశాక కిక్కిస కోత. పైకప్పులకి, తడికలకి, పొయ్యిలోకి. దుబ్బు మొదలు ఉంచి పైన కోసేవాళ్లు. తుంగ వేరే కోసి ఎండబెట్టి చాపలు అల్లేవాళ్లు. మోపులు పడవల్లో ఏలూరు వైపు వెళ్లేవి. ఈ కోత గొప్పదనం నాకు పెద్దయ్యాక, కాలేజీలో చదువుకున్నప్పుడు తెలిసింది. పైన డెల్టా పొలాల నుంచి కొట్టుకొచ్చే నత్రజని, భాస్వరం కిక్కిస తాగి ఒళ్లు పెంచుతుంది. కోసి ఒడ్డుకి తెస్తే అవి కూడా సరస్సులోంచి బయటికి వచ్చినట్టే. కోయకుండా అక్కడే కుళ్లనిస్తే తిరిగి నీళ్లలో కలుస్తాయి. ఒత్తుగా లేచిన కాడలు ఏటినీటి వేగాన్ని తగ్గించి మట్టిని కిందికి దింపేస్తాయి. వేళ్లు బురదలోకి గాలిని దింపుతాయి. ఆ వేళ్ల చుట్టూ చేరిన సూక్ష్మజీవులు మురుగును తినేస్తాయి. అమ్మమ్మ కుండ మూతికి కట్టిన పంచెగుడ్డ ఇంట్లో ఏ పని చేసేదో, లంకల చుట్టూ కిక్కిస మొత్తం సరస్సుకి ఆ పని చేసేది.

ఎండడం కూడా అందులో భాగమే. ఏటా వేసవిలో నీరు వెనక్కి వెళ్లి, అడుగుమట్టి బయటపడి, నెర్రెలిచ్చి, దానికి గాలి తగిలితే అందులో పేరుకున్న కుళ్లు హరించుకుపోతుంది. చిన్నప్పుడు మా కాళ్లు కాల్చిన ఆ ఎండ కొల్లేటికి వైద్యం చేసేదన్నమాట. ఇది నాకు ఏ పాఠంలోనూ ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. ఆ మట్టి మీద నడిచిన జ్ఞాపకం ఉండబట్టి చదివింది అర్థమైంది.

ఒడ్డు వెనక్కి నడవడం మొదలయ్యే కార్తీకంలోనే పరజలు దిగేవి. ఎక్కడో చలిదేశాల నుంచి వచ్చే బాతులవి. గుంపు లేచినప్పుడు రెక్కల చప్పుడుకి అరుగు మీద పడుకున్నవాళ్లకి మెలకువ వచ్చేది. వాటిని వలేసి పట్టి ఏలూరు బజారులో అమ్మేవాళ్లూ ఉండేవారు, అదీ నిజమే. పొడుగు కాళ్ల కొంగలకి చీలమండ లోతు నీళ్లు కావాలి. సరస్సు తగ్గుతుంటే అంత లోతు ఇవాళ ఇక్కడ, వచ్చేవారం అక్కడ కొత్తగా ఏర్పడుతుంది. పిట్టలు దానివెంటే జరుగుతాయి. నత్తగుల్ల కొంగ నత్తను పట్టుకుని ముక్కుతో దాని మూత తీసే ఓపిక చూస్తూ నేను మధ్యాహ్నాలు గడిపాను. గూడబాతులు అప్పటికే తక్కువ. కొల్లేటి చేరువలోని ఆరేడు అనే ఊళ్లో తాటిచెట్ల మీద అవి గుంపులుగా గూళ్లు కట్టేవని పక్షుల పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ 1949లో రాసింది చాలా ఏళ్ల తర్వాత చదివాను. మా అమ్మమ్మ ఆ సంగతి ముందే చెప్పింది. ఆవిడ చిన్నప్పుడు తాటిచెట్టెక్కి ఆకు కొట్టాలంటే గూళ్లు ఖాళీ అయ్యేదాకా ఆగేవాళ్లట.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. మేం పడవలో బయలుదేరి, నీళ్లు చాలనిచోట దిగి బురదలో నడిచి, మళ్లీ పడవెక్కి వెళ్లేవాళ్లం. దారిలో అమ్మమ్మ కోట కథ చెప్పేది. గజపతుల కాలంలో అక్కడ కోట ఉండేదట. చుట్టూ ఇంత నీరుండగా కోటను గెలవలేమని శత్రువులు సరస్సు నీళ్లను సముద్రంలోకి దించడానికి కాలవ తవ్వించారట. ఆ తవ్వకం వేళ ఒక సేనాని కన్నకూతుర్నే బలి ఇచ్చాడట. అందుకే ఆ కాలవకి పేరంటాల కనుమ అని పేరు. చరిత్రకారులు ఇందులో ఎంత ఒప్పుకుంటారో గాని, లంకలో పుట్టిన ప్రతి పిల్లకీ ఈ కథ తెలుసు. కొల్లేటి నీళ్లు తీసెయ్యాలని మొట్టమొదట అనుకున్నది పగవాడు అని మేం నేర్చుకున్నాం.

తర్వాత తీసెయ్యాలనుకున్నవాళ్లు పగవాళ్లు కారు. మావాళ్లే. ఎందుకో కూడా నాకు తెలుసు. దాళ్వా వరి అంటే జూదం. ఒక ఏడు పంట చేతికొస్తే, ఇంకో ఏడు ముందే వరదొచ్చి ముంచేసేది. అప్పు మీద అప్పు. 1970ల చివర్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వుకోమంది. నేను హైస్కూల్లో ఉండగా మా లంకకి మొదటి గట్టు వచ్చింది. ఆ ఏడు పారలతో, తట్టలతో పోశారు. ఆడా మగా అందరికీ కూలి దొరికింది. బొచ్చె, శీలావతి పిల్లలు తెచ్చి వదిలారు. మొదటి పట్టుబడినాడు ఊళ్లో పండగే. అప్పటిదాకా మంగళసూత్రం తాకట్టు పెట్టుకునే ఊరిలో డాబాలు లేచాయి. మావయ్య కొడుకు, మా బావ, డిగ్రీ చదివింది ఆ చెరువు డబ్బులతోనే. కైకలూరు, ఆకివీడుల నుంచి ఐసు పెట్టెలతో లారీలు కలకత్తాకి, అస్సాముకి బయల్దేరేవి. ఆ సంపాదనను తప్పుపట్టే హక్కు పట్నంలో జీతం తీసుకుని బతికిన నాకు లేదు. కరువు తెలిసినవాళ్లు కడుపు నిండే దారి ఎంచుకున్నారు.

పారలు పోయి ప్రొక్లెయిన్లు వచ్చాక లెక్క మారిపోయింది. బయటి నుంచి డబ్బున్నవాళ్లు వచ్చి సొసైటీ చెరువుల్ని లీజుకి తీసుకున్నారు. వందల ఎకరాల చెరువులు లేచాయి. వాటికి సొంతదారులైన వడ్డీలు, అంటే తరతరాలుగా కొల్లేట్లో వేటాడుకున్న కులంవాళ్లు, తమ చెరువు గట్టు మీదే పాక వేసుకుని నెలజీతానికి కాపలా కాశారు. 2001 ఫిబ్రవరి నాటి ఉపగ్రహ చిత్రాలను ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పరిశీలిస్తే, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 42 శాతం చేపల చెరువులే తేలాయి. గట్టు పోసినచోటల్లా ముందు పోయింది కిక్కిస. పొలానికీ నీటికీ మధ్య, ఊరికీ నీటికీ మధ్య ఉండే ఆ పచ్చని పట్టీ స్థానంలో ఎత్తైన మట్టిగోడ నిలబడింది. దాని మీద లారీ తిరుగుతుంది, గడ్డి మొలవదు, కొరమీను గుడ్లు పెట్టడానికి చోటుండదు.

నీళ్లు ఒక్కరోజులో చెడలేదు. మొదట వాసన మారింది. తర్వాత మధ్య రేవులో స్నానం చేసినవాళ్లకి ఒంటి మీద దురద. చెరువుల్లో చిల్లుల సంచుల్లో తవుడు, చెక్క నింపి కర్రలకి వేలాడదీస్తారు. చేప వచ్చి కొరుక్కుతింటుంది. తిన్నది పోగా కరిగింది నీళ్లలోనే. పైగా కోళ్లపెంట, సూపరు ఎరువు. పట్టుబడి అయ్యాక ఆ నీళ్లన్నీ ఇంజన్లతో సరస్సులోకి తోడేస్తారు. దీనికి తోడు 60కి పైగా కాలవలు, డ్రెయిన్లు కొల్లేట్లో పడతాయి. డెల్టా పొలాల మీద కొట్టిన పురుగుమందులు, తమ్మిలేరు మోసుకొచ్చే ఏలూరు మురుగు, విజయవాడ వైపు నుంచి బుడమేరు తెచ్చేది, చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వదిలేది అన్నీ వాటిలోనే. ఇవన్నీ ముందు కూడా కొంత వచ్చేవే. వచ్చేదాన్ని ఆపి, దించి, తినేసే ఒడ్డు లేకపోవడమే కొత్త.

ఒక ఏడు వేసవి సెలవులకి వెళ్తే అమ్మమ్మ కుండకి చిల్లగింజ రుద్దుతూ కనిపించింది. పొద్దున్న మూత తీసి చూసి మళ్లీ రుద్దింది. మర్నాడూ అంతే. మట్టి దిగింది, పచ్చదనం దిగలేదు. కంటికి కనపడనంత సన్నని నాచు నీళ్లంతా నిండిపోతే చిల్లగింజ ఏం చెయ్యగలదు? ఆవిడ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం మావయ్యతో, "రేపట్నుంచి పడవ మీద మంచినీళ్లు తెప్పించరా" అంది. కొల్లేరు మధ్యలో పుట్టి, అక్కడే మెట్టి, ముసలిదైపోయిన మనిషి నీళ్లు కొనుక్కోమంది. ఇప్పుడు అక్కడ ఇంటింటా ఇరవై లీటర్ల డబ్బాలే.

వేసవిలో ఉప్పు సమస్య ఇంకొకటి. కొల్లేటి నీళ్లు సముద్రంలోకి వెళ్లే దారి ఉప్పుటేరు, 60 కిలోమీటర్ల పొడవున. సరస్సులో నీరు నిండుగా ఉన్నంతకాలం ప్రవాహం కిందికే. చెరువులు నీళ్లను లోపలే బిగించి పెట్టేసి, సరస్సు మట్టం పడిపోతే పోటుకి సముద్రపు నీరు ఏటికి ఎదురెక్కి లోపలికి వస్తుంది. తియ్యనీటి నాచు చచ్చి, తియ్యనీటి చేప తగ్గి, గేదెలు కూడా మూతి తిప్పుకునే నీళ్లు మిగులుతాయి.

1999లో ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టులో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా కొల్లేరు చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టారు. అప్పుడు నేను లంకలోనే ఉన్నాను. ప్రొక్లెయిన్ గట్టులో గండి కొడుతుంటే ఊరంతా నిలబడి చూసింది. ఒకపక్క ఏడుపులు. మా అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుంది, ఆ చెరువు మీద తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఇంకోపక్క గండిలోంచి నీళ్లు బయటి నీళ్లతో కలుస్తుంటే నాకు గుండె నిండిన సంగతి కూడా ఇక్కడ దాచను. ఆ రెండూ నిజమే. చాలాచోట్ల గండి కొట్టి వదిలేశారు గాని గట్టు మట్టిని ఎత్తి నేలను చదును చెయ్యలేదు. కూలిపోయిన బతుక్కి బదులు ఏం చెయ్యాలో కూడా తేల్చలేదు. కొన్నేళ్లకి గండ్లు పూడాయి, చెరువులు మళ్లీ లేచాయి.

2008లో శాసనసభ అభయారణ్యాన్ని ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకి కుదించాలని తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ పరిశీలించి ఐదో కాంటూరే ఉండాలంది. ఓట్ల కాలంలో ఈ రెండంకెల మధ్య మాటలు నడుస్తూనే ఉంటాయి. 308 లోంచి 135 తీసేస్తే మిగిలేది 173 చదరపు కిలోమీటర్లు. నా లెక్కలో అది కిక్కిస లేచే నేల, కొరమీను గుడ్లు పెట్టే నేల, కొంగలకి చీలమండ లోతు నీరు దొరికే నేల. వేసవిలో ఎండి కుళ్లు పోగొట్టుకునే నేల కూడా అదే. మధ్యలో లోతునీరు ఉంచి చుట్టూ ఈ నేలను గట్లకి ఇచ్చేస్తే కొల్లేరు మిగలదు, ఒక పెద్ద చేపల చెరువు మిగులుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచడం లోకమంతా టీవీల్లో చూసింది. ఆ నీరు తర్వాత ఎక్కడికి వెళ్లిందో చూసినవాళ్లు తక్కువ. అది కొల్లేటికే వచ్చింది. ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి ఎక్కింది. లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మా చిన్నప్పుడు అంత నీరొస్తే ఒడ్డు బయటికి జరిగి చోటిచ్చేది. ఇప్పుడు గట్లకి గట్లకి మధ్య సందుల్లో ఇరుక్కుని, ఉప్పుటేటి దాకా వెళ్లే తోవలో గుర్రపుడెక్క అడ్డంపడి, పైకి తన్నుకొచ్చింది. అమ్మమ్మ కట్టించిన అరుగు ఎత్తుకి మించి, లోపలి గదిలో మంచం కోళ్లు మునిగాయి.

నీళ్లు తీశాక వెళ్లాను. బావతో చెరువు గట్టు మీద నడుస్తుంటే ఎప్పుడూ జరిగే వాదనే మళ్లీ మొదలైంది.

"నువ్వు మూడో కాంటూరు వద్దంటావు. అలాగే అందాం. మరి ఐదో కాంటూరు లోపల మా జిరాయితీ భూమి మాటేంటి? తాతల నాటి పట్టా. దానికి పరిహారం ఇవ్వలేదు, సాగు చెయ్యనివ్వరు" అన్నాడు.

"పరిహారం ఇవ్వాల్సిందే బావా. అది ముందు జరగాలి. నేనెప్పుడు కాదన్నాను?"

"నీలాంటివాళ్లు పిట్టల గురించి రాసినంత గట్టిగా దాని గురించి రాయరు."

అది నిజం, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఐదో కాంటూరు లోపల వేల ఎకరాల జిరాయితీ భూములున్నాయి. వాటి యజమానులు ఆక్రమణదారులు కారు. వాళ్లకి మార్కెట్ ధర కట్టిచ్చి నేలను తీసుకోవడం కొల్లేరు రక్షణలో మొదటి పని కావాలి. లీజులకి తీసుకున్న బయటివాళ్ల చెరువుల గట్లు తియ్యడం రెండోది, గండితో వదలకుండా మట్టి మొత్తం ఎత్తేసి. ఏలూరు, విజయవాడల మురుగు శుద్ధి కాకుండా తమ్మిలేట్లోకి, బుడమేట్లోకి దిగకూడదు. ఐదో కాంటూరు బయట ఉన్న చెరువుల నీళ్లు కిక్కిస వేసిన పల్లంలో కొన్నాళ్లు నిలిచాకే సరస్సులోకి వదలాలి. అలాంటి పల్లానికి చెరువులో పదో వంతు నేల కేటాయించమంటే బావ ముఖం చిట్లించాడు గాని, "నీటి రోగాలకి మందుల ఖర్చు దానికన్నా ఎక్కువే అవుతోందిలే" అని తనే అన్నాడు. కోతకి కూలి ఇస్తే కిక్కిస కోసే చేతులు లంకల్లో ఇంకా ఉన్నాయి. ఉపాధి హామీ కింద డ్రెయిన్లలో పూడిక తీయిస్తున్నప్పుడు ఏటా మాఘంలో కిక్కిస కోత ఎందుకు చేయించకూడదో నాకు అర్థం కాదు.

ఆటపాక దగ్గర ఇప్పుడు గూడబాతులు బాగానే గూళ్లు కడుతున్నాయి. అటవీశాఖవాళ్లు నీళ్లలో పాతిన ఇనప స్టాండ్ల మీద, మట్టిదిబ్బల మీద. సెలవురోజుల్లో జనం పడవలెక్కి చూసి వస్తారు. చూడవలసిందే. పిట్ట ఉందంటే చేప ఉంది, చేప ఉందంటే ప్రాణం ఇంకా పోలేదు.

తిరిగి వచ్చేముందు బావ తన వాటా చెరువు చివరికి తీసుకెళ్లాడు. 2006 నాటి గండి ఒకటి అక్కడ పూడ్చకుండా వదిలేశారు. అన్నదమ్ముల తగాదాలో ఉన్న ముక్క అది. గండికి అటూ ఇటూ కిక్కిస లేచింది, ఎవరూ నాటకుండానే. దాని పక్క నీరు చెరువులో నీటికన్నా తేటగా ఉందని బావే చూపించాడు.

"పరిహారం కాగితం చేతికొచ్చిన రోజు ఈ గట్టు నేనే తీయిస్తా. కానీ పక్క రెండొందల ఎకరాలాయన తీయకపోతే నాది తీసి ఏం లాభం?" అన్నాడు.

ఆ పక్క చెరువు లీజుదారు ఉండేది ఊళ్లో కాదు. ఆ గట్టు ఐదో కాంటూరు లోపలిదేనని సర్వేరాయి పక్కనే నిలబడి చెప్తోంది. ముందు తియ్యాల్సింది ఆ గట్టే.